దయచేసి ఆ కత్తిని తోమొద్దు! (ఫ్రెంచ్ అశ్వికదళ అధికారుల కత్తులు: అపోహలు - వాస్తవాలు)

పోయిన దసరాకి నాలుగు రోజుల ముందు, రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. పంపింది తూలూజ్‌లో ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి. ఫోటోలో ఒక కత్తి, పక్కన స్టీలు గిన్నెలో నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో తేలుతున్న చింతపండు పిప్పి. కింద మెసేజ్: "అక్కా, ఎలా మెరుస్తోందో చూడండి! ఇప్పుడు ఎంతకి పోతుందంటారు?"

వెంటనే జవాబు రాయలేకపోయాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ ఫోటో చూసి, అప్పుడు ఫోన్ చేశాను.

పాత లోహ వస్తువుల్ని పాడవకుండా చూడటం నా పని. స్ట్రాస్‌బర్గ్ దగ్గర చిన్న వర్క్‌షాప్ ఉంది. నా బల్ల మీదికి వచ్చేవాటిలో సగం కత్తులే. కారణం ఊరి చుట్టుపక్కలే ఉంది. ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, కొండ కింద వాగు ఒడ్డున క్లింగెన్తాల్ అనే పల్లె ఉంది. 1730లో పదిహేనో లూయీ రాజు జర్మనీలోని సోలింగెన్ నుంచి కమ్మరులను రప్పించి అక్కడ కత్తుల కర్మాగారం పెట్టించాడు. ఊరి పేరుకి అర్థమే 'కత్తుల లోయ'. నెపోలియన్ సైన్యం చేతుల్లో తిరిగిన కత్తుల్లో చాలా భాగం ఆ వాగు నీళ్ళతో తిరిగిన సాన రాళ్ళ మీద తయారైనవే. తర్వాత సరిహద్దుకి మరీ దగ్గరగా ఉందని ప్రభుత్వ కర్మాగారాన్ని దేశం లోపలికి, షాతెల్రోకి మార్చేశారు.

కాబట్టి ఇక్కడి ముసలమ్మలు అటకల మీద దొరికిన తాతల కత్తులు తెస్తారు. మనవాళ్ళు యూరప్, అమెరికా సంతల్లో కొన్నవాటి ఫోటోలు పంపుతారు. అడిగే ప్రశ్నలు మాత్రం ఇద్దరివీ ఒకటే. అందుకే ఈ పోస్ట్.

అపోహ: శుభ్రంగా తోమి మెరిపిస్తే విలువ పెరుగుతుంది

పెరగదు. పడిపోతుంది. నా పదిహేనేళ్ళ పనిలో తుప్పు పట్టి పాడైన కత్తుల కంటే ప్రేమగా తోమి పాడు చేసిన కత్తులనే ఎక్కువ చూశాను.

ఆ అబ్బాయి కత్తి సంగతే చెప్తాను. అది 1822 మోడల్, తేలికపాటి అశ్వికదళ అధికారి కత్తి. సిపాయిల కత్తికి పిడి మీద తోలు, చెయ్యి కాపాడే గార్డ్‌కి మామూలు ఇత్తడి ఉంటాయి. అది సర్కారు సొత్తు. అధికారులు మాత్రం సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళు కాబట్టి హంగులు ఎక్కువ. పిడికి కొమ్ము, దాని మీద మెలి తిప్పిన తీగ చుట్టు, గార్డ్ కొమ్మల మీద ఆకులూ లతలూ చెక్కి, ఆ చెక్కడం మీద బంగారు పూత.

ఆ పూత ఎలా వేసేవాళ్ళో తెలిస్తే చింతపండు పట్టుకోవడానికి చెయ్యి రాదు. బంగారాన్ని పాదరసంలో కరిగించి వెన్నలాంటి ముద్ద చేసేవాళ్ళు. దాన్ని ఇత్తడికి పట్టించి నిప్పుల మీద వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుని ఉండిపోతుంది. ఆ ఆవిరి పీల్చి పీల్చి పనివాళ్ళకి చేతులు వణికేవి, పళ్ళు ఊడిపోయేవి. ఇంత చేసి మిగిలే పూత మన వెంట్రుక మందంలో చాలాసార్లు పదో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు దాని మీద చింతపండు రుద్దితే ఏమవుతుంది? బంగారానికి పులుపు వల్ల ఏమీ కాదు, నిజమే. కానీ ఆ పూతలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. పులుపు వాటిలోంచి దిగి కింద ఉన్న ఇత్తడిని తింటుంది. కింద నేల కదిలాక పైన సున్నం నిలుస్తుందా? పొరలు పొరలుగా లేచిపోతుంది. మిగిలిందాన్ని కొబ్బరి పీచు గీకేస్తుంది. ఇత్తడిలో ముందుగా పోయేది జింకు. అది పోయిన చోట రాగి తేలి గులాబీ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఫోటోలో ఆ అబ్బాయి "ఎంత అందంగా ఉందో" అన్న చోట నాకు కనిపించినవి ఆ గులాబీ మచ్చలే.

మాది తెనాలి. దసరా ముందు మా అమ్మ అటక మీది బిందెలు, కుందులు అన్నీ దింపి చింతపండుతో తోమేది. నీళ్ళు తోడి పోయడం నా వంతు. కాబట్టి ఆ అబ్బాయి చెయ్యి చింతపండు డబ్బా మీదికే ఎందుకు పోయిందో నాకు బాగా తెలుసు. కానీ బిందె గోడ అంతా ఒకటే ఇత్తడి. వందేళ్ళు తోమినా కింద ఇత్తడే ఉంటుంది. ఈ కత్తి పిడి అలా కాదు. పైపొర పోతే దాని కథ అక్కడితో సరి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనేది సరిగ్గా ఇలాంటి పనికే. నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడులు, టూత్‌పేస్ట్, అన్నిటికీ ఇదే మాట.

అలుగు, అంటే పిడి పోగా మిగిలిన ఉక్కు భాగం, దాని సంగతి ఇంకా ఘోరం. ఒకాయన పాత అలుగుని సాన పట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళి 'కొత్తది లాగా' చేయించుకొచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అధికారుల కత్తులకి అలుగు పిడి వైపు సగభాగం నీలంగా ఉండేది, ఆ నీలం మీద బంగారు బొమ్మలు. ఆ నీలం రంగు కాదు. మెరుగు పెట్టిన ఉక్కుని దాదాపు మూడొందల డిగ్రీల దాకా వేడి చేస్తే ఉపరితలం మీద ఏర్పడే పల్చటి పొర. ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే మాయం. ఆయన చేతిలో ఉన్నది తళతళలాడే ఉక్కు కడ్డీ. లూప్‌తో (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దంతో) చూస్తే పిడి మొదట్లో, గార్డ్ కప్పిన చోట, గోరంత నీలం మిగిలి ఉంది. అది చూపించినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

ఇంకోటి. కత్తి వెన్ను మీద, అంటే వాదరకి (కోసే అంచుకి) ఎదుటి అంచు మీద, సన్నటి వంకర అక్షరాలతో ఒక వరస చెక్కి ఉంటుంది. ఏ కర్మాగారం, ఏ నెల, ఏ సంవత్సరం, ఏ మోడల్. గోరుతో తడిమితే తప్ప తెలియనంత లోతు. కత్తికి పుట్టినతేదీ సర్టిఫికెట్ అదే. రుద్దితే మొదట పోయేది కూడా అదే.

మరి తుప్పు పట్టి ఉంటే ఊరుకోవాలా? అక్కర్లేదు. నారింజ రంగులో పొడిపొడిగా, వేలికి అంటుకునేది బతికున్న తుప్పు. దాన్ని ఆపాలి. గోధుమ-బూడిద రంగులో నున్నగా, రుద్దినా చేతికి అంటనిది వయసు తెచ్చిన రంగు. దాని జోలికి పోకూడదు. మెత్తటి నూలు గుడ్డ మీద కుట్టు మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి తుడవండి, రెండు రోజులాగి మళ్ళీ తుడవండి. ఇంట్లో చేయాల్సింది అంతవరకే. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురై పులుస్తుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి. చెమటలో ఉప్పుంటుంది, అలుగు మీద వేలిముద్రలు తుప్పు గుర్తులుగా తేలతాయి, నెల తిరిగేసరికి ఏ వేలో కూడా చెప్పొచ్చు.

ఆయుధ పూజకి పసుపు కుంకుమలు పెట్టాలా అని కూడా అడుగుతారు. పెట్టుకోండి, కానీ కత్తి ఉంచిన పీట మీదో, కింద పరచిన గుడ్డ మీదో. తడి కుంకుమ బొట్టు అలుగు మీద వారం ఉంటే చుక్క ఆకారంలోనే గుంట పడుతుంది. అలాంటిదొకటి ఇప్పుడు కూడా నా బల్ల మీద ఉంది.

"అయ్యో, నేను ఇప్పటికే తోమేశానే" అని టెన్షన్ పడేవాళ్ళకి: కంగారు పడొద్దు. మీరు చేసింది అభిమానంతో చేసిందే. ఇంకేమీ చేయకుండా ఆగండి, అది చాలు. పులుపు మిగిలిపోకుండా డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండిన దూదితో పిడిని రెండు మూడుసార్లు అద్దండి, పూర్తిగా ఆరనివ్వండి, నీళ్ళు ఒరలోకి దిగనివ్వకండి. తప్పు సరిదిద్దుదామని కొత్తగా బంగారు నీళ్ళు పట్టించొద్దు. తోమిన కత్తికి విలువ తగ్గుతుంది, నిజమే. కానీ పైన కొత్త పూత వేశాక దాన్ని కొనేవాడు మిగతావన్నీ కూడా అనుమానించడం మొదలుపెడతాడు.

అపోహ: వెన్ను మీద 'ఎంపెరియాల్' అని ఉంటే నెపోలియన్ కాలందే

అమ్మేవాళ్ళు ఎక్కువగా వాడే మాట ఇదే, మనవాళ్ళు ఎక్కువగా పడేదీ ఇక్కడే. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా కర్మాగారం పేరు కూడా మారింది. రాజు ఉంటే 'రొయాల్', గణతంత్రం ఉంటే 'నస్యొనాల్', చక్రవర్తి ఉంటే 'ఎంపెరియాల్'. కానీ చక్రవర్తులు ఇద్దరు! 1804లో పట్టాభిషేకం చేసుకున్న నెపోలియన్ ఒకరు. ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో అని తడుముకునే మూడో నెపోలియన్ ఇంకొకరు (తమ్ముడు లూయీ కొడుకు), 1852 నుంచి 1870 దాకా ఏలాడు. సంతల్లో దొరికే 'ఎంపెరియాల్' కత్తుల్లో నా దగ్గరికి వచ్చినవి దాదాపు అన్నీ ఈ రెండో ఆయనవే. పక్కనే '1856' అని చెక్కి ఉన్నా వాటర్లూ కత్తి అని అమ్మినవాళ్ళున్నారు. మొదటి నెపోలియన్ ఓడిపోయిన ఆ వాటర్లూ యుద్ధం జరిగింది 1815 జూన్ 18న.

'మోడల్ 1822' అంటే కూడా ఆ ఏడు తయారైందని కాదు. ఆ నమూనా ఎంత బాగా కుదిరిందంటే చిన్న చిన్న మార్పులతో మొదటి ప్రపంచ యుద్ధం దాకా నడిచింది. అమెరికా వాళ్ళు 1840లో తమ అశ్వికదళానికి దాన్నే చూసి చేయించుకున్నారు. కాబట్టి మోడల్ సంవత్సరం వేరు, కత్తి పుట్టిన సంవత్సరం వేరు.

ఈ లెక్క తెలిస్తే ఇంటి దగ్గర నుంచి వచ్చే ఫోన్లు కూడా తేలిపోతాయి. "బొబ్బిలి యుద్ధంలో బుస్సీ దొర వాడిన కత్తి మా ఇంట్లో ఉందండీ" అంటారు. బొబ్బిలి యుద్ధం 1757లో. పంపిన ఫోటోలో 1822 మోడల్. "హైదరాబాద్‌లో మూసారాం సైన్యంది" అంటారు. మూసారాంబాగ్‌కి పేరిచ్చిన రేమండ్ దొర, నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని, 1798 మార్చిలో పోయాడు, ఆ ఏడాది అక్టోబర్‌లోనే ఆయన దళం ఆయుధాలు దించేసింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత పుట్టిన నమూనా ఆయన నడుముకి ఎలా వేలాడుతుంది? తాతలు నేతులు తాగారంటే కాదనను, కానీ మూతి వాసన చూసే పని నాది.

అపోహ: ఇంట్లో ఉన్నది కత్తే

చాలాసార్లు కాదు, బాయొనెట్. చెక్క పిడి, దాని చివర ఇత్తడి మకుటం, వంకీ తిరిగిన అడ్డకడ్డీ, 'టి' అక్షరంలాంటి అడ్డుకోతతో సన్నటి పొడుగాటి అలుగు ఉంటే అది 1874 నాటి గ్రా తుపాకీ చివర బిగించేది. అడ్డకడ్డీకి తుపాకీ గొట్టం పట్టే ఉంగరం ఉందో లేదో చూడండి. ఉంటే ఇక మాట్లాడుకునేది లేదు. అలుగు పాములా వంపు తిరిగి ఉంటే దానికి ముందుదైన 1866 నాటి షాస్పో తుపాకీది. లక్షల్లో తయారయ్యాయి. మంచి వస్తువులే, కానీ అశ్వికదళ అధికారికీ వాటికీ సంబంధం లేదు.

మిగతావి గబగబా:

అలుగు మీది పొడుగాటి గాడి రక్తం కారడానికి కాదు. బరువు తగ్గించి బిర్రు నిలపడానికి. సినిమాల వాళ్ళకి ఎవరైనా చెప్తే బాగుండు.

వాదర మొద్దుగా ఉంటే నకిలీ అనుకోవద్దు. శాంతికాలంలో పదును పెట్టకుండానే ఉంచేవాళ్ళు.

'ఫిరంగి' అంటే మనకి గుండ్లు పేల్చేది. కత్తుల లోకంలో మాత్రం భారతీయ పిడికి యూరప్ అలుగు బిగించిన కత్తి. ఆ మాట ఫ్రెంచి వాళ్ళది అని కాదు, తెల్లదొరలది అని. ఆ అలుగులు ఎక్కువగా జర్మనీ, ఇటలీల నుంచి వచ్చినవి.

ఫ్రాన్స్‌లో పాత కత్తి ఇంట్లో ఉంచుకోవడానికి పెద్దవాళ్ళకి లైసెన్స్ అక్కర్లేదు. కారణం లేకుండా పట్టుకుని వీధిలో తిరిగితే మాత్రం నేరం. ఇండియాలో ఉన్న వందేళ్ళు దాటిన కత్తి 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, సొంతదైనా దేశం దాటించడానికి వీల్లేదు. విమానం క్యాబిన్‌లో తీసుకెళ్ళొచ్చా అని అడిగిన మహానుభావుడు కూడా ఉన్నాడు.

అపోహ: ఫ్రెంచ్ కత్తి అంటే కోట్లు

ఇది పేపర్ల పుణ్యం. 2007లో ఫాంతేన్‌బ్లోలో నెపోలియన్ మరెంగో యుద్ధంలో ధరించిన కత్తి 48 లక్షల యూరోలకి పోయింది. 2025 మేలో పారిస్‌లో ఇంకొకటి, ఆయన బుతే అనే వెర్సాయ్ పనివాడి దగ్గర చేయించుకుని చివర్లో మార్షల్ గ్రూషీకి ఇచ్చింది, 46 లక్షలు దాటింది. అంతకు ముందు 2023లో లండన్‌లో టిప్పు సుల్తాన్ కత్తికి కోటీ నలభై లక్షల పౌండ్లు. ఆ వార్త వచ్చిన వారం నాకు ఫోన్లు ఆగలేదు. కొనేవాళ్ళు డబ్బు పోసింది ఉక్కుకీ బంగారానికీ కాదు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో తెలియడానికి. మరెంగో కత్తిని నెపోలియన్ తమ్ముడు జెరోమ్‌కి పెళ్ళికానుకగా ఇచ్చాడు, తర్వాత ఆ కుటుంబంలోనే ఉంది. గొలుసులో ఒక్క లింకూ తెగలేదు. మామూలు 1822 అధికారి కత్తి మంచి స్థితిలో ఉన్నా మంచి సెకండ్‌హ్యాండ్ బైక్ ధర దగ్గరే ఆగుతుంది.

అసలు వీటిని పోగేయడం మొదలైందే చిత్రంగా. పందొమ్మిదో శతాబ్దం చివర ఎదువార్ దెతాయ్ లాంటి చిత్రకారులు యుద్ధ దృశ్యాలు వేయడానికి నిజమైన యూనిఫాంలు, కత్తులు కొని స్టూడియోల్లో పెట్టుకునేవాళ్ళు. వాళ్ళూ, పాత అధికారులూ కలిసి 'లా సబ్రెతాష్' అనే సంఘం పెట్టి ప్రభుత్వం వెంటపడితే పారిస్ ఇన్వాలిద్‌లో సైన్య చరిత్ర మ్యూజియం వచ్చింది. 1905లో అది ఫిరంగిదళ మ్యూజియంతో కలిసి ఇప్పుడున్న ఆర్మీ మ్యూజియం అయింది. దక్షిణాన బ్రూనో సోదరులు కుర్రతనంలో మొదలుపెట్టిన సేకరణని 1967లో ప్రభుత్వం తీసుకుంది. సలోన్-ద-ప్రోవాన్స్‌లోని ఎంపెరి కోటలో చూడొచ్చు. మీరు ఆ వైపు వెళ్తే ఒక పూట దానికి పెట్టుకోండి, బీచ్ ఎక్కడికీ పోదు.

కొనేవాళ్ళు పెరిగాక అతుకుల బొంతలూ పెరిగాయి. సిపాయి అలుగుకి అధికారి పిడి, ఎక్కడిదో ఒర. ఒరలోకి కత్తి జారిన తీరే చెప్తుంది. తన ఒరైతే చివరి రెండు అంగుళాలు బిగువుగా దిగుతుంది. ఊగినా, మధ్యలో ఆగినా, వంపు కలవకపోయినా లూప్ తీయాల్సిందే.

అలుగు మీద అధికారి పేరు చెక్కి ఉంటే మాత్రం పండగే. ఫ్రాన్స్ అత్యున్నత పురస్కారం లీజియన్ ఆఫ్ ఆనర్ అందుకున్నవాళ్ళ ఫైళ్ళు 'లెయొనోర్' అనే సర్కారీ డేటాబేస్‌లో ఉచితంగా చూడొచ్చు. పుట్టిన ఊరు, ఏ రెజిమెంట్, ఎన్ని గాయాలు, అన్నీ ఉంటాయి. పేరు లేకపోతే చిన్న చిన్న ఆనవాళ్ళే దిక్కు. పాత సేకర్తలు ఒర మీద అంటించిన నంబరు కాగితం, గార్డ్‌కి దారంతో కట్టిన చీటీ, వేలంపాట స్టిక్కర్. చాలామంది కొనగానే పీకి పారేసేవి ఇవే.

గుంటూరు అబ్బాయిని ఆ రాత్రి ఫోన్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "ఒర మీద కాగితం ఏమన్నా ఉందా?"

కాసేపు మాట లేదు. "ఉందక్కా. పచ్చబడిపోయి చిరిగి ఉంటే వేడినీళ్ళలో నానబెట్టి గీకేశాను."

నేనేమీ అనలేదు. అప్పటికే అతని గొంతు మారిపోయింది. కొన్న రోజు ఫోటోలు తీశావా అని అడిగితే, వాళ్ళ అమ్మకి పంపడానికి తీశానన్నాడు. అతని ఫోన్లో లేవు, స్పేస్ లేక డిలీట్ చేశాడు. గుంటూరులో తెల్లారాక అమ్మ ఫోన్లోంచి మళ్ళీ తెప్పించాడు. మొత్తం ఆరు. అయిదింటిలో కత్తి కంటే అతనే ఎక్కువ కనపడుతున్నాడు. ఆరోదానిలో ఒర పైకడియం కింద తపాలా బిళ్ళంత కాగితం, దాని మీద గోధుమ రంగు సిరాతో '112', కింద రెండు పొడి అక్షరాలు.

ఆ ఫోటో ప్రింట్ తీసి కత్తితో పాటు కవర్లో పెట్టాను. ఆ నంబరు పట్టుకుని పాత వేలంపాటల కేటలాగులు తిరగేస్తున్నాం, అతను ఆదివారాలు, నేను ఖాళీ దొరికినప్పుడు. గార్డ్ కొమ్మల లోపలి వైపు, చింతపండు చెయ్యి దూరని సందులో, ఆకు ఈనెల మధ్య బంగారం ఇంకా ఉంది.